మాటల మూట: ‘స్మెల్’ అంటే ఏమిటి నాన్నా?

కిందటి సంచికలో ‘సారీ’ గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి మాట మా ఇంట్లోనే దొరికింది.

ఏడేళ్ళ మా అమ్మాయి ఓ సాయంత్రం బడి నుంచి వస్తూనే, కోటు కూడా విప్పకుండా “నాన్నా, డూ వి స్మెల్?” అని అడిగింది. పక్కన కూర్చునే పిల్ల “యువర్ కోట్ స్మెల్స్” అందట. “వాసన వస్తోందని అర్థం తల్లీ, అది తప్పు మాటేం కాదు” అని సర్దేశాను. అది నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు.

‘ఇట్ స్మెల్స్ నైస్’ అంటే మెచ్చుకోలు. ‘నైస్’ తీసేసి ‘ఇట్ స్మెల్స్’ అని ఊరుకుంటే తిట్టు. మన వరసా అదే. ‘మల్లెల వాసన’ అంటే సంతోషం. ‘పాలు వాసనొస్తున్నాయి’ అంటే పారబొయ్యమని.

‘స్మెల్’ 12వ శతాబ్దం నుంచి రాతల్లో కనిపిస్తుంది గాని, దాని పుట్టుక ఏమిటో నిఘంటుకారులు తేల్చలేకపోయారు. అంతకుముందు ఆ పని చేసిన మాట ‘స్టింక్’! వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో మంచి వాసనకీ, చెడ్డ వాసనకీ అదే మాట. రానురాను చెడ్డదానికే మిగిలిపోయింది. మన ‘కంపు’ కూడా అలాంటిదే. పక్కనున్న కన్నడంలో కంపు అంటే ఈనాటికీ పరిమళమే. బెంగుళూరు మిత్రుడొకాయన మల్లెపూలకి ‘కంపు’ అంటే మొదట్లో నవ్వాను. తర్వాత మానేశాను.

ఇంతకీ కోటుకి పట్టింది ఇంగువ పోపు. దానికి ఇంగ్లీషులో పేరే ‘ఆసఫెటిడా’. మొదటి సగం పారశీకం నుంచి వచ్చింది, జిగురు అని అర్థం. రెండో సగం లాటిన్, కంపుకొట్టేది అని. జర్మన్లయితే ఏకంగా ‘సైతాను పెంట’ అన్నారు! ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌లలో పెరిగే మొక్క వేరుకి గాటు పెడితే కారే పాలే ఇంగువ. ఆ ఘాటు గంధకపు పదార్థాలది. కాగిన నూనెలో పడ్డాక అదే కమ్మగా మారుతుంది.

అసలు సంగతి ఇంకోటుంది. రెండేళ్ళ కిందట అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలుంది. “ఇరుగుపొరుగు ఏమైనా అనుకుంటారమ్మా, పోపులో ఇంగువ వెయ్యకు” అన్నాను. అమ్మ మారుమాట్లాడలేదు. ఆరు నెలలూ ఇంగువ లేని చారే తిని వెళ్ళింది. తాను తెచ్చిన పొట్లం అలమరలో అలాగే ఉండిపోయింది. మొన్న దాన్ని విప్పింది మేమే.

ఆ రాత్రి పిల్లకి చెప్పాను, అది బామ్మ తెచ్చిన ఇంగువ అని. “ఓ, ఇది బామ్మ స్మెల్లా?” అని కోటు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అమ్మకి ఫోన్‌లో చెబితే, “ఇంగువ కట్టిన గుడ్డరా, ఎక్కడికి పోతుంది!” అని నవ్వింది. నా మాట గుర్తు చెయ్యలేదు. చేసినా బాగుండేది.

దసరాకి అమ్మ మళ్ళీ వస్తోంది. కోట్లు మేడమీదికి మార్చాం. పోపు మాత్రం మానం.

మీ పిల్లలూ ఈ ప్రశ్న అడిగే ఉంటారు. ఏం జవాబు చెప్పారో పండగనాడు భోజనాల దగ్గర కనబడి చెప్పండి. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.