గన్స్‌వే కాదు బేటా, గంజె సవాయి

మా బావమరిది రియాద్ నుంచి వస్తే సూట్‌కేసులో ఖజూర్లు, జానమాజులు, అత్తరు సీసాలు ఉండేవి. కిందటిసారి వాటి మధ్యన ఒక ప్లేస్టేషన్ కూడా వచ్చింది. మామూ తెచ్చిన తోఫా కాబట్టి నేను నోరెత్తడానికి లేకపోయింది. ఇషా నమాజ్ తర్వాత ఒక్క గంట, అది కూడా హోంవర్క్ అయ్యాకే అని మా బేగం షరతు పెట్టింది. ఆ గంట ఎంతసేపు సాగుతుందో మీకు చెప్పక్కర్లేదు. మీ ఇళ్ళలోనూ ఇదే హాల్ కదా!

మా చిన్నోడికి పద్నాలుగేళ్ళు. వాడు ఆడేది 'అన్‌చార్టెడ్'. ఖజానాల వేట. నేథన్ డ్రేక్ అనే అమెరికావాడు పాత నక్షాలు, పాత కిస్సాలు పట్టుకుని దునియా అంతా తిరుగుతాడు. కొండలెక్కుతాడు, లోయల్లోకి దూకుతాడు, దారిలో అడ్డొచ్చిన వందల మందిని కాల్చి పారేస్తాడు. కాలిఫోర్నియాలోని నాటీ డాగ్ కంపెనీ దీన్ని 2007లో మొదలుపెట్టింది. 2009లో రెండోది, 2011లో మూడోది, 2016లో నాలుగోది వచ్చాయి. 2022లో టామ్ హాలండ్‌ని పెట్టి సినిమా కూడా తీశారు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే చూడ్డానికి చాలా ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. వాన పడి తడిసిన రాయి మీద వాడు చెయ్యేసి జారితే, పక్కన చాయ్ తాగుతున్న నా గుండె కూడా జారింది.

ఒక రాత్రి వాడు నాలుగో భాగం ఆడుతుంటే పక్కనే కూచున్నాను. డ్రేక్ అన్న శామ్ చాలా ఏళ్ళు జైల్లో ఉండి వచ్చి, హెన్రీ ఏవరీ అనే సముద్రపు దొంగ దాచిన ఖజానా గురించి తమ్ముడికి చెబుతుంటాడు. ఆ మాటల్లో 'గన్స్‌వే' అని వినపడింది. చిన్నోడు గేమ్ ఆపి అడిగాడు.

"అబ్బా, గన్స్‌వే బోలే తో క్యా?"

ఏదో తుపాకీ పేరై ఉంటుందిలే అన్నాను. వాడు నవ్వాడు. "తుపాకీ కాదబ్బా, షిప్. ఇండియా షిప్ అంట."

సిగ్గుతో చెబుతున్నా. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, ఇరవై ఏళ్ళుగా కలం పట్టి బతుకుతున్నవాణ్ణి, ఆ పేరు నాకు ఆ రాత్రి తట్టలేదు. పొద్దున ఫజ్ర్‌కి వజూ చేస్తుంటే తట్టింది. గన్స్‌వే కాదు, గంజె సవాయి! ఇంగ్లీషోళ్ళ నోట్లో పడి మన గంజ్ 'గన్' అయింది.

గంజ్ అంటే ఖజానా. హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్ అంటామే, అదే గంజ్. సరుకు నిలవుండే చోటు కాబట్టి బజారుకి కూడా ఆ పేరే వచ్చింది. సవా అంటే ఒకటింపావు, లెక్కకు మించి అని. అంటే ఆ ఓడ పేరే 'మించిన ఖజానా'. ఔరంగజేబు పాదుషా ఓడ అది. సూరత్ రేవులో దానికంటే పెద్దది లేదట. ఏటేటా హాజీలను ఎక్కించుకుని అరబ్ దేశానికి పోయి వచ్చేది.

ఆ రోజు ఆఫీసు నుంచి రాగానే ఖాఫీ ఖాన్ తారీఖ్ ఉర్దూ తర్జుమా తీశాను. ఔరంగజేబు జమానాలోనే బతికినవాడు ఖాఫీ ఖాన్. పాదుషాను ఊరికే ఆకాశానికెత్తే రకం కాదు. ఆయన రాసిన దాని ప్రకారం 1695లో ఆ ఓడ హజ్ చేసినవాళ్ళతోనూ, మోఖా, జిద్దాల్లో సరుకు అమ్మగా వచ్చిన 52 లక్షల రూపాయల వెండి బంగారాలతోనూ తిరిగి వస్తోంది. సూరత్ ఇంకా ఎనిమిది తొమ్మిది రోజుల దూరం. మన ఓడలో 80 ఫిరంగులు, 400 తుపాకులు ఉన్నాయి. ఎదురొచ్చిన ఇంగ్లీషు ఓడ చాలా చిన్నది. కానీ మనవాళ్ళు పేల్చిన ఫిరంగి ఒకటి ఓడలోనే పగిలింది, అక్కడే కొందరు పోయారు. అవతలివాళ్ళ గుండు తగిలి తెరచాప కొయ్య దెబ్బతింది. కెప్టెన్ ఇబ్రహీం కత్తి దూయాల్సింది పోయి కింది అరలోకి పరుగెత్తాడు. అక్కడ తాను మోఖాలో కొన్న తుర్కీ అమ్మాయిల తలలకు పగిడీలు కట్టి, చేతికి కత్తులిచ్చి, మీరు పోరాడండి అన్నాడట. ఇలాంటి బుజ్‌దిల్ కెప్టెన్ల ముచ్చట కూడా మన తారీఖ్‌లో ఉంది, దాచుకోవడం దేనికి!

తర్వాత వారం రోజులు. ఖాఫీ ఖాన్ వారం అనే రాశాడు. వారం పాటు దోచుకున్నారు. మగవాళ్ళ ఒంటి మీద బట్టలు వదల్లేదు. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు అని చూడకుండా ఆడవాళ్ళను చెరిచారు. ఇజ్జత్ కాపాడుకోవడానికి కొందరు సముద్రంలో దూకారు, కొందరు కత్తులతో పొడుచుకున్నారు. కాబా చూసిన కళ్ళు అవి. జమ్‌జమ్ నీళ్ళు ఇంకా మూటల్లో ఉండే ఉంటాయి.

ఆ దొంగల సర్దార్ పేరే హెన్రీ ఏవరీ. 'ఫాన్సీ' అతని ఓడ పేరు. గేమ్‌లో మా చిన్నోడు స్కాట్లాండ్ నుంచి మడగాస్కర్ దాకా వెతుకుతూ పోయే ఖజానా ఇదే.

ఇరమ్ సంగతి కూడా చెప్పాలి. మూడో భాగంలో డ్రేక్ రుబ్ అల్ ఖాలీ ఎడారిలో ఇరమ్ నగరాన్ని వెతుకుతాడు. సూరె ఫజ్ర్‌లో వచ్చే ఇరమే అది. మనకది ఇబ్రత్, వాళ్ళకది ఖజానా. అప్పుడు మా పెద్ద ఆపా చాలా బాధపడింది గానీ నాకు అంత అనిపించలేదు. పాత కిస్సాలను ఎవరికి తోచినట్టు వాళ్ళు అల్లుకుంటారు. పైగా అందులో సలీం అనే బద్దూ సర్దార్ ఉంటాడు, డ్రేక్ ప్రాణం కాపాడతాడు. హాలీవుడ్ లెక్కన చూస్తే అదే ఎక్కువ. మొదటి భాగం ఎల్ డొరాడో, రెండోది శంభల. అవీ కిస్సాలే. నాలుగో భాగం సంగతి వేరు. ఈ ఓడకు సనా ఉంది, తారీఖ్ ఉంది, ఎక్కినవాళ్ళు ఉన్నారు.

ఇక గేమ్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఏవరీ, థామస్ ట్యూ, మరికొందరు దొంగలు కలిసి మడగాస్కర్‌లో 'లిబర్టాలియా' అనే ఆజాదీ నగరం కడతారు. అందరి సొమ్మూ ఒకే ఖజానాలో పెడతారు. తర్వాత పెద్ద దొంగలు ఆ ఖజానా కాజేస్తారు. నగరంలోని జనం తిరగబడతారు. మిగతా సర్దార్లను ఏవరీ, ట్యూ కలిసి దావత్‌కి పిలిచి జహర్ పెట్టి చంపుతారు. చివరికి ఆ ఇద్దరూ ఖజానా ఓడలో ఒకర్నొకరు పొడుచుకుని చస్తారు. అన్నీ కలిపి 22 చాప్టర్లు. సగం చాప్టర్లు ఈ దుఃఖమే. పాపం లిబర్టాలియా ప్రజలు, వాళ్ళ సొమ్ము వాళ్ళకు దక్కలేదే అని!

వాళ్ళ సొమ్మా?

నాకు కోపం వచ్చింది ఇక్కడే. దొంగల్ని దొంగలు మోసం చేసుకుంటే గేమ్‌కి అది ట్రాజెడీ. శిథిలమైన ఇళ్ళు, గోడల మీద తిరుగుబాటు రాతలు, పాత ఖత్‌లు, అన్నీ చూపించి మనసు కరిగిస్తారు. అసలు ఆ వెండి ఎవరి నడుములకు కట్టిన సంచుల్లోంచి వచ్చిందో, నేను పక్కన కూచుని చూసినన్ని రాత్రుల్లో ఒక్క హాజీ ముఖం కనపడలేదు. గన్స్‌వే అనే మాట మాత్రం వస్తుంది, పోతుంది. అదేదో బ్యాంకు పేరైనట్టు.

అసలు తారీఖ్ కూడా గేమ్ కంటే మజాగా ఉంది, చేదుగానూ ఉంది. నిజం ట్యూ ఏ నగరమూ కట్టలేదు. గంజె సవాయి కంటే ముందు దాని తోడు ఓడ 'ఫతే ముహమ్మద్' మీద పడ్డప్పుడే ఆ పోరులో చచ్చాడని చెబుతారు. ఆ ఓడ సూరత్ సౌదాగర్ అబ్దుల్ గఫూర్‌ది. లిబర్టాలియా అనేది 1728లో లండన్‌లో అచ్చయిన దొంగల కథల పుస్తకంలో పుట్టిన ఊరు. అటువంటి నగరం ఉన్నట్టు రుజువు లేదు. ఇటు సూరత్‌లో హాజీలు ఒడ్డుకు చేరి జరిగింది చెప్పాక జనం ఉడికిపోయారు. ఇంగ్లీషోళ్ళ కోఠీలో ఉన్నవాళ్ళందరికీ బేడీలు పడ్డాయి. కంపెనీ నష్టం కట్టిస్తామని ఒప్పుకుంది, హజ్ ఓడలకు కాపలా ఓడలు పంపాల్సి వచ్చింది. 1696లో లండన్ కోర్టులో ఏవరీ మనుషులు కొందరిని నిలబెట్టారు. గంజె సవాయిని దోచిన కేసులో జ్యూరీ వాళ్ళను బేకసూర్ అంది! హుకూమత్ తలకొట్టేసినట్టయి, వాళ్ళు మొదట్లో తిరగబడి ఎత్తుకుపోయిన ఇంగ్లీషు ఓడ కేసు మళ్ళీ పెట్టింది. అందులో నేరం రుజువై ఉరి తీశారు. మన ఓడకు శిక్ష లేదు, వాళ్ళ ఓడకు ఉరి. ఏవరీ మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఇదంతా దస్తర్‌ఖాన్ దగ్గర చెబుతుంటే చిన్నోడు వాదనకు దిగాడు. "అబ్బా, గేమ్‌లో ఏవరీని మంచోడని చెప్పలేదు కదా. లాలచ్ వల్ల అందరూ చచ్చిపోయారనే చూపించారు." వాడన్నది సహీ. ఒప్పుకున్నాను. గేమ్ దొంగతనాన్ని పొగడదు. డ్రేక్ కూడా ఆఖరుకి ఖజానాను వదిలేసి అన్నను కాపాడుకుంటాడు. కానీ లాలచ్ వల్ల దొంగకు ఏమైందో చెప్పారు, సొమ్ము పోయినవాడికి ఏమైందో చెప్పలేదు.

ఇంకో మాట. ఆ గేమ్‌లో ఆనవాళ్ళన్నీ సెయింట్ డిస్మస్ పేరు చుట్టూ తిరుగుతాయి. ఈసాయీల రివాయత్‌లో సిలువ మీద పశ్చాత్తాపపడిన దొంగ ఆయన. ఏవరీ ఆయన బొమ్మను తన గుర్తుగా పెట్టుకుంటాడు. అంటే తవ్బా చేసిన దొంగ! మన మక్తబ్‌లో హాఫిజ్ సాబ్ మొదట నేర్పిన సబక్కే ఇది. హుకూకుల్ ఇబాద్ విషయంలో ఏడిస్తే సరిపోదు, ఎవరి హఖ్ తిన్నావో వాళ్ళకు తిరిగిచ్చెయ్యాలి, లేదా మాఫీ అడగాలి. గేమ్ మొత్తంలో తిరిగివ్వడం అనే మాట ఎవరి నోటా రాదు. చివర్లో శామ్ కొన్ని బంగారు నాణేలు ఎలెనా జేబులో వేస్తాడు. ఆమె వాటితో మొగుడికి ఒక కంపెనీ కొంటుంది. ఇద్దరూ చట్టం ప్రకారం, ఇజ్జత్‌గా బతుకుతారు. హ్యాపీ ఎండింగ్. నేను చాయ్ కప్పు పక్కన పెట్టేసి, అరె భాయ్, ఆ పైసలు సూరత్‌వి అన్నాను టీవీతో. బేగం నవ్వింది.

నాకు ఇంత ఎందుకు గుచ్చుకుందంటే, మా దాదా, దాదీ హజ్‌కి ఓడలోనే పోయారు. కర్నూలు నుంచి రైల్లో బొంబాయి, అక్కడి నుంచి మొఘల్ లైన్ ఓడలో జిద్దా. వాళ్ళ పేర్లు రాసిన రేకు ట్రంకు ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది. పోయేటప్పుడు ఊళ్ళో అందరి కహా సునా మాఫ్ చేయించుకుని పోయారట, తిరిగొస్తామో లేదో అని. వచ్చేటప్పుడు జమ్‌జమ్‌లో తడిపి ఆరబెట్టిన రెండు కఫన్ బట్టలు తెచ్చుకున్నారు. దాదీని ఆ కఫన్‌లోనే సాగనంపాం. 1995 నుంచి ఆ ఓడలు లేవు, ఇప్పటి పిల్లలకు హజ్ అంటే ఎయిర్‌పోర్టు. ఏవరీ కాచుకున్న సముద్రం, మా దాదీ వాంతులు చేసుకుంటూ దాటిన సముద్రం ఒకటే అని చెప్పాక మా చిన్నోడు కొంచెంసేపు ఏం మాట్లాడలేదు.

గేమ్ హరామ్ అని ఫత్వా ఇవ్వడానికి ఇది రాయడం లేదు. అది నా పనీ కాదు. మా ఇంట్లో గేమ్ నడుస్తూనే ఉంది. నా షికాయత్ ఆ కంపెనీ మీద కంటే మన మీదే ఎక్కువ. కాలిఫోర్నియాలో కూచున్నవాళ్ళు గంజె సవాయి గురించి పుస్తకాలు తిరగేసి, ఇన్నేళ్ళు ఖర్చు పెట్టి, ప్రపంచంలో కోట్ల మంది పిల్లల చెవిన ఆ పేరు వేశారు, వంకరగానైనా. మనం ఔరంగజేబు గురించి టీవీలో రోజూ జరిగే కొట్లాటలో ఏదో ఒక పక్క నిలబడ్డాం గానీ, ఆ ఓడలో ఉన్న మామూలు హాజీల ముచ్చట ఇంట్లో ఒక్కసారి చెప్పామా? తెలుగులో ఎక్కడ రాశాం? నేనూ రాయలేదు. మీ ఇళ్ళలో ఓడ మీద హజ్‌కి పోయిన పెద్దలు ఇంకా ఉంటే పిల్లల్ని పక్కన కూచోబెట్టి అడిగించండి, ఫోన్‌లో రికార్డు చెయ్యండి. మా దాదీని అడగడానికి నాకు అప్పట్లో ఫుర్సత్ దొరకలేదు.

మొన్న చిన్నోడే ఒక ఫోటో పట్టుకొచ్చాడు. 2014లో అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ఒక పండ్ల తోటలో పాత వెండి నాణెం దొరికిందట. 1693లో యెమెన్‌లో ముద్రించింది. యెమెన్ నాణెం అమెరికా తోటలోకి ఎలా వచ్చిందంటే, ఏవరీ మనుషులు కొందరు పారిపోయి అక్కడ తలదాచుకున్నారు, వాళ్ళు తెచ్చిందే అయ్యుండొచ్చని అంటున్నారు. వాడు నాజిరా పూర్తి చేసినవాడు. ఫోన్ మీద రెండు వేళ్ళతో నాణేన్ని పెద్దది చేసి, అరిగిపోయిన అరబీ అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ఒక అక్షరం దగ్గర ఆగి, "అబ్బా, యే మీమ్ హై నా?" అన్నాడు. కళ్ళజోడు తెచ్చుకుని నేనూ వంగి చూశాను.