చూసినవీ చదివినవీ: ఉత్తరం మోసిన పిల్ల

ఈ నెల శీర్షికకు విషయం పాఠక మిత్రులే అందించారు. 2022 ఆగస్టు 5న విడుదలైన ‘సీతారామం’ గురించి చాండ్లర్‌లో ఎవరింట నలుగురు భోజనాలకు కూర్చున్నా ఇప్పటికీ ఒక మాట వస్తూనే ఉంటుంది. మెచ్చుకోనివారు తక్కువ. అయితే మెచ్చుకున్నవారిలోనే కొందరు మమ్మల్ని ఒక ప్రశ్న వేశారు. “రాముడూ సీతా ఉండగా మధ్యలో ఆ లండను పిల్ల ఎందుకండీ? ఆ వీలునామా, ఆ వెతుకులాట తీసేసి, ప్రేమకథను వరసగా చెప్పి ఉంటే ఏం పోయేది?” అని.

ప్రశ్న మంచిది. కొట్టిపారేయవలసింది కాదు. దీనికి జవాబు వెతకబోతే, ప్రేమా రహస్యమూ కలిసిన కథలను ఎలా కడతారన్నది మొత్తం బయటపడుతుంది. అందుకే పుట అంతా దానికే కేటాయిస్తున్నాం. సినిమా ఇంకా చూడనివారు ఈ కాగితం మడిచి పక్కన పెట్టి, చూశాక చదువుకోవలసిందిగా మనవి. ముడులన్నీ ఇక్కడే విప్పబోతున్నాం.

ముందుగా కథ. హను రాఘవపూడి దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రంలో రెండు కాలాలున్నాయి. ఒకటి 1964. కాశ్మీరులో సైన్యంలో పనిచేసే లెఫ్టినెంటు రామ్ అనాథ. ఆ సంగతి రేడియోలో విన్న జనం దేశం నలుమూలల నుంచి అతనికి ఉత్తరాలు రాస్తారు. వాటిలో ఒకటి సీతామహాలక్ష్మి అనే ఆమె రాసింది. తాను అతని భార్యనని రాస్తుంది గాని తన చిరునామా రాయదు. ఉత్తరాల్లో దొరికిన చిన్న చిన్న ఆనవాళ్లను పట్టుకొని అతను ఆమెను వెతుక్కుంటూ వెళ్తాడు. రెండోది 1985. లండన్‌లో చదువుకుంటున్న పాకిస్తానీ పిల్ల ఆఫ్రీన్‌కు భారతదేశమంటే గిట్టదు. ఒక భారతీయుడి కారు తగలబెట్టి, క్షమాపణ అయినా చెప్పాలి, పది లక్షలయినా కట్టాలి అన్న ఇరకాటంలో పడుతుంది. డబ్బు కోసం తాతగారి దగ్గరికి వెళ్తే ఆయన అప్పటికే పోయారు. ఆస్తి దక్కాలంటే ఇరవై ఏళ్లుగా ఇంట్లో పడి ఉన్న ఒక ఉత్తరాన్ని ఇండియాలో ఉన్న సీతామహాలక్ష్మికి అందజేయాలని వీలునామా రాసిపోయారు. ఆ ఉత్తరం రాసింది రామ్.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఏ కథకైనా రెండు వరసలుంటాయి. జరిగిన వరస ఒకటి, చెప్పిన వరస మరొకటి. ఈ కథ జరిగిన వరసలో పరిచయం, ప్రేమ, ఎడబాటు, మరణం, ఉత్తరం వస్తాయి. చెప్పిన వరసలో ఉత్తరమే ముందు వస్తుంది. ప్రేమ అంతా దాని వెనక నుంచి ముక్కలు ముక్కలుగా బయటికొస్తుంది. ఆ ముక్కలు కూడా ఒకరి నోట రావు. రామ్‌తో పనిచేసినవారు ఒక్కొక్కరూ తమకు తెలిసినంత మేరకే చెబుతారు. ఆఫ్రీన్‌కు ఎంత తెలిస్తే మనకూ దాదాపు అంతే తెలుస్తుంది. అపరాధ పరిశోధన నవలల్లో పరిశోధకుడి భుజం మీదుగా మనం చూస్తామే, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ పట్టుకోవలసింది హంతకుణ్ణి కాదు, ఉత్తరం అందుకోవలసిన మనిషిని.

ఈ కట్టుబడి మనకు కొత్తదేమీ కాదు. మన నాట్యశాస్త్రం రూపకానికి అయిదు సంధులు చెప్పింది: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం. ఈ సినిమాను ఆ చట్రంలో పెట్టి చూడండి. ఆఫ్రీన్ చేతికి ఉత్తరం రావడం ముఖసంధి. బీజం పడింది. హైదరాబాదు చేరాక చిరునామా దొరుకుతుంది గాని మనిషి దొరకదు. బీజం కనబడీ కనబడకుండా ఉండే ఈ దశ ప్రతిముఖం. సీతామహాలక్ష్మి మరెవరో కాదు, నవాబు ఇంటి రాకుమారి నూర్జహానేనని తేలడం గర్భసంధి. దొరికిందన్న ఆశ, అందదన్న భయం ఒకేచోట పెనవేసుకుంటాయి. రామ్ పాకిస్తాన్‌లో పట్టుబడి, దేశద్రోహి అన్న ముద్ర వేయించుకున్నాడని తెలియడం విమర్శసంధి. మోస్తున్న ఉత్తరానికి అసలు విలువ ఉందా అన్న సందేహం అక్కడే పుడుతుంది. ఉత్తరం చేరవలసిన చేతికి చేరడం, మచ్చ తొలగడం, దారాలన్నీ ఒకచోట ముడిపడడం నిర్వహణం.

ఇంతవరకు బాగానే ఉంది. మన మిత్రుల ప్రశ్నకు జవాబు మాత్రం ఇంకా రాలేదు. ఆ అయిదు సంధులూ రామ్, సీతల కథకు కాక ఆఫ్రీన్ ప్రయాణానికే ఎందుకు అతుకుతున్నాయి?

దీనికి కూడా మనవాళ్ల దగ్గరే మాట ఉంది. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన ‘దశరూపకం’ కథావస్తువును రెండుగా విడదీసింది. అసలు కథ ఆధికారికం, దానికి తోడు నడిచే ఉపకథ ప్రాసంగికం. ఆ ఉపకథ దూరం వరకు సాగితే దాన్ని పతాక అంటారు. రామాయణంలో సుగ్రీవుడి కథ అటువంటిది. మరి ఏది అసలు కథో తేల్చేదెలా? ఫలం ఎవరికి దక్కుతుందో వారిదే అసలు కథ అన్నారు. అందమైన కొలబద్ద! నిడివితో పని లేదు, అందచందాలతో పని లేదు. చివరికి ఫలం ఎవరి చేతిలో పడిందన్నదే లెక్క.

ఈ కొలబద్ద పెట్టి చూడండి. రామ్‌కు ఏం దక్కింది? అతను తిరిగి రానే లేదు. సీతకు ఏం దక్కింది? ఇరవై ఏళ్లు ఆలస్యంగా ఒక ఉత్తరం. అది తక్కువదని మేము అనం. కానీ ఆ ఉత్తరం ఆమె ప్రేమను మార్చలేదు, పెంచనూ లేదు. అది ఎప్పుడూ ఉన్నచోటనే ఉంది. మారింది ఆఫ్రీన్. తాను ఏ దేశాన్ని ద్వేషిస్తూ వచ్చిందో ఆ దేశపు సైనికుడు మంటల్లోంచి కాపాడిన చిన్నపిల్ల తానేనని, తన కోసం ఆగబట్టే అతను పట్టుబడ్డాడని తెలుసుకుంటుంది. ఆ పిల్లను చేరదీసి మనవరాలిగా పెంచింది, రామ్ ఉత్తరాన్ని దాచింది ఒకరే, ఆ తాతగారు. కాబట్టి, మనం పతాక అనుకున్నదే ఆధికారికమై తేలింది. లండను పిల్ల మధ్యలో వచ్చిన మనిషి కాదు. కథే ఆమెది.

“అదెలాగండీ, అంతమందిలో ఉత్తరం మోసే పిల్లే ఆ పిల్ల కావడం మరీ సినిమాటిక్‌గా లేదా?” అని అడగవచ్చు. ఇది కాకతాళీయమైతే నిజంగా లోపమే. కాని కాదు. పిల్లా ఉత్తరమూ ఆ ఇంటికి వేర్వేరు దారుల్లో రాలేదు. ఒకే సంఘటన వల్ల, ఒకే మనిషి చేతుల మీదుగా వచ్చాయి. ఆ పిల్ల కాక మరొకరు ఆ ఉత్తరం మోసే అవకాశమే లేదు. మంచి కట్టుబడికి గుర్తు ఇదే. చూస్తున్నంతసేపూ యాదృచ్ఛికంగా కనబడాలి, చూశాక ఇంకోలా జరగడానికి వీల్లేదనిపించాలి.

పాత చిత్రాలతో పోలిస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1955 నాటి ‘మిస్సమ్మ’లోనూ తప్పిపోయిన మహాలక్ష్మి ఉంది, కాలి మీద పుట్టుమచ్చ ఉంది, ఆమెను పట్టుకోవాలని డిటెక్టివు వేషాలు వేసే అక్కినేని ఉన్నాడు. అక్కడ రహస్యం పాత్రలకే గాని మనకు కాదు. మేరీయే మహాలక్ష్మి అని మనకు ముందే తెలుసు, అందుకే నవ్వుతాం. 1964లో వచ్చిన ‘మూగమనసులు’లో కొత్త దంపతులకు ముసలి గౌరి పూర్వజన్మ కథ చెబుతుంది. విన్న కథ తమదేనని వాళ్లు గ్రహిస్తారు. ‘సీతారామం’ ఈ రెండింటినీ కలిపింది. ‘మిస్సమ్మ’ నుంచి వెతుకులాట, ‘మూగమనసులు’ నుంచి వెతికేవారే కథలో ఉండడం. పునర్జన్మ తీసేసి దాని స్థానంలో ఒక ఉత్తరాన్ని పెట్టింది.

కాళిదాసు ఉంగరం సంగతీ అంతే. శాపం మాట ప్రేక్షకుడికి తెలుసు, దుష్యంతుడికి తెలియదు. చేప కడుపులోంచి ఉంగరం బయటపడి, జాలరి చేతి మీదుగా రాజును చేరాక గాని జ్ఞాపకం రాదు. కాని ఆ జాలరికి బహుమతి ముట్టాక కథ అతన్ని వదిలేస్తుంది. అతను మోసుకొచ్చినవాడే గాని మారినవాడు కాదు. ఆఫ్రీన్‌ను అలా వదిలేసి ఉంటే మన మిత్రుల ఫిర్యాదు న్యాయమే అయ్యేది.

మోసుకొచ్చినవాడికి పెద్దపీట వేసిన కథ మన ఇళ్లలో వేరే ఉంది. సుందరకాండ. రాముడి ఉంగరం తీసుకొని సముద్రం దాటి, సీత జాడ కనిపెట్టి, ఆమె చూడామణితో తిరిగొచ్చిన దూత కథ అది. రాముడు కనబడేది బహు తక్కువ. అయినా పారాయణకు మనవాళ్లు ఎంచుకున్నది ఆ కాండనే. దూత ప్రయాణమే ఒక పూర్తి కథ అని ఈ జాతికి ఎవరూ నేర్పనక్కర లేదు. చిత్రానికి ‘సీతారామం’ అని పేరు పెట్టినవారికి ఇది తెలియదనుకోలేం. కాకపోతే ఈ హనుమంతుడికి మొదట్లో భక్తి లేదు, డబ్బు అవసరం మాత్రం ఉంది. భక్తి దారిలో పుడుతుంది.

ఇంగ్లీషువారిలోనూ ఇటువంటి కథ ఉంది. ఎ.ఎస్. బయట్ రాసిన ‘పొసెషన్’ నవలకు 1990లో బుకర్ బహుమతి వచ్చింది. 2002లో సినిమాగా కూడా తీశారు. ఇద్దరు సాహిత్య పరిశోధకులు గత శతాబ్దపు కవి ఒకరు, కవయిత్రి ఒకరు రాసుకున్న ఉత్తరాలను పట్టుకొని, ఎవరికీ తెలియని వారి ప్రేమను తవ్వితీస్తారు. చివరికి తేలేదేమిటంటే ఆ పరిశోధకురాలు ఆ ప్రేమజంట వంశంలోనే పుట్టిందని. ఇంకో విశేషం. ఆ కవి ఒకసారి తన కూతుర్ని కలిసి, తల్లికి చెప్పమని ఒక మాట చెప్పి పంపుతాడు. పిల్ల ఆటలో పడి మరచిపోతుంది. మాట చేరనే లేదు. ఇటు చూస్తే ఇరవై ఏళ్లకైనా చేరిన ఉత్తరం, అటు చూస్తే ఎన్నటికీ చేరని మాట. రెండు కథల్లోనూ చేరడమూ చేరకపోవడమూ ఒక పిల్ల చేతిలోనే ఉంది.

ఇప్పుడు తాతగారి దగ్గరికి వద్దాం. ఆయనకు అంతా తెలుసు. మనవరాల్ని పిలిచి కూర్చోబెట్టి, “అమ్మా, నిన్ను కాపాడినవాడు ఇతను” అని అయిదు నిమిషాల్లో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చెబితే అది ఒక సమాచారం అవుతుంది. ద్వేషంతో ఉన్న పిల్ల విని లేచిపోతుంది. అందుకని ఒక ఉత్తరం చేతిలో పెట్టి నడిపించాడు. తలుపు తలుపూ తట్టించాడు. తట్టిన ప్రతి తలుపూ ఆమెలో ఒక గడియ తీసింది. వరసగా ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు వీలునామాలోనే ఉంది. కథను వరసగా చెబితే రామ్ గురించి మనకు తెలిసేది. వెతికించడం వల్ల రామ్ మనవాడయ్యాడు.

ఈ మాట ఇక్కడితో ఆపవచ్చు గాని, ఎడారిలో కాపురం చేసే మనకు ఇందులో ఒక ఇంటి సంగతి కూడా ఉంది. 1980లో ఇంటెల్ ఈ ఊళ్లో కర్మాగారం తెరిచింది. అప్పటి నుంచి ఇప్పటివరకు ముందు వెనకలుగా వచ్చి చేరిన మన కుటుంబాల్లో ఎందరి దగ్గరో ఉత్తరాలున్నాయి. నీలం రంగు ఎయిర్ లెటర్లు, అంచుల్లో కూడా ఖాళీ వదలకుండా అమ్మ రాసినవి, నాన్నగారు పొడి అక్షరాల్లో క్షేమ సమాచారంతో మొదలుపెట్టినవి. చాలామంది వాటిని అట్టపెట్టెల్లో పెట్టి గ్యారేజీలో ఉంచారు. నూట పది డిగ్రీలు దాటే మన వేసవిలో గ్యారేజీ పొయ్యి లాంటిది. కాగితం పెళుసెక్కుతుంది, మడత దగ్గర విరుగుతుంది. ముందు ఆ పెట్టెను ఇంట్లోకి తెచ్చుకోవడం మంచిది.

రెండో చిక్కు అంతకంటే పెద్దది. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని, వారిలో చాలామంది చదవలేరు. తాతగారి దస్తూరి వాళ్లకు గీతలే. వాళ్లు ఆఫ్రీన్ లాగా ద్వేషించరు, నిజమే. అయితే పట్టనితనం ద్వేషం కంటే గట్టి తలుపు. దాన్ని ఉపన్యాసంతో తెరవలేమని ఇన్నేళ్ల ఆదివారపు తెలుగు తరగతులు మనకు నేర్పే ఉంటాయి.

కనుక తాతగారి ఉపాయమే పనికొస్తుందేమో చూడండి. పెట్టె మొత్తం ఇవ్వవద్దు. ఒక్క ఉత్తరం ఇవ్వండి. అందులో ఎవరి పేరో ఉంటుంది, ఏదో ఊరి తపాలా ముద్ర ఉంటుంది, అర్థం కాని ఒక మాట ఉంటుంది. “ఈవిడ ఎవరో, ఆ ఏడు ఈ సంగతి ఎందుకు రాసిందో నువ్వే కనుక్కో” అని చెప్పి ఊరుకోండి. మామయ్యకు ఫోను చేయనివ్వండి, పెద్దమ్మను విసిగించనివ్వండి. సెలవులకు వెళ్లినప్పుడు ఆ వీధికి వాళ్లే వెళ్లి వాకబు చేయనివ్వండి. తొందరపడి మీరు చెప్పేయకండి. అక్షరాలు కూడా అవసరమైనప్పుడు వాళ్లే అడిగి నేర్చుకుంటారు. వెతుకుతూ వెతుకుతూ చివరికి ఏదో ఒక ఉత్తరంలో, “చిన్నది పుట్టిందని తెలిసి ఇక్కడ అందరం సంతోషించాం” అన్న వరసలో తమ పేరు తామే చూసుకుంటారు.

అటువంటి వెతుకులాట మీ ఇంట్లో జరిగితే మాకు నాలుగు ముక్కలు రాసి పంపండి. పిల్లలు ఇంగ్లీషులో రాసినా సరే, తెలుగు చేసి ఈ పుటలోనే వేస్తాం.