ప్యాడ్ ఇచ్చిండ్రు సరే.. డిస్క్ ముచ్చట ఎవరు చెప్తరు?

ఇప్పుడు ఫోన్ తెరిస్తే సాలు, మెన్‌స్ట్రువల్ డిస్క్ యాడ్లు వస్తున్నయ్. పన్నెండు గంటలు ఫికర్ లేదంటరు. ఆర్డర్ పెడితే పార్సిల్ ఊరికే వస్తది. డబ్బా ఇప్పితే లోపట ఒక ఇంగ్లీషు కాయితం, రెండు బొమ్మలు. గంతే. ఎట్ల పెట్టుకోవాలె, ఎట్ల తియ్యాలె, ఎవరు పెట్టుకోవద్దు అని మన భాషల చెప్పేటోళ్లు లేరు. అమ్మను అడుగుదామంటే సిగ్గు. మెడికల్ షాపుల అడుగుదామంటే నలుగురు మగోళ్లు నిలబడి ఉంటరు. నా లెక్కల గిది చిన్న ముచ్చట కాదు. ఒంటి లోపట పెట్టుకునే వస్తువును మార్కెట్ ఊర్లకు తెచ్చింది గానీ, దాని ఎరుకను తేలేదు.

సర్కార్లు ఏం చెయ్యలేదని నేను అంటలేను. 2011ల ఊర్ల ఆడపిల్లలకు తక్కువ ధరకు ప్యాడ్లిచ్చే స్కీం మొదలైంది. 2018 జులైల ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేసిండ్రు. 2019ల జన్ ఔషధి దుకాణాలల్ల రూపాయికి ఒక ప్యాడ్ వచ్చింది. 2021ల ఆంధ్రల ‘స్వేచ్ఛ’ పేరుతోటి బడి పిల్లలకు నెలకు పది ప్యాడ్లిచ్చుడు మొదలువెట్టిండ్రు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 24 ఏండ్ల ఆడోళ్లల్ల 77 శాతం మంది శుభ్రమైన పద్ధతులు వాడుతున్నరు. గిదంతా మంచిదే. గానీ మన ముచ్చట ప్యాడ్ కాడనే ఆగిపోయింది.

పత్తి ఏరవొయ్యే పిల్లను అడుగుండ్రి. పొద్దుగాల ఇల్లు ఇడిస్తే మాపటికి వస్తది. చేనుల బాత్రూం ఉండదు, ప్యాడ్ మార్చుకునే చాటు ఉండదు. తడిసిన ప్యాడ్‌తోటే ఎండల నిలబడితే తొడలు ఒరుసుకపోతయ్. వాడినంక ఎక్కడ పారెయ్యాలె? పారేసేటందుకు కవర్ కంపెనీలే ఇయ్యాలెనని 2016 చెత్త నిర్వహణ రూల్స్‌ల చెప్పిండ్రు. కవర్ వచ్చినా దాన్ని తీస్కపోయే బండి రావాలె కదా. రాకపోతే చెరువు గట్టో, మంటో!

గిసొంటి కాడ డిస్క్, కప్పు అక్కరకొస్తయ్. ఇంట్ల పెట్టుకొని చేనుకు పోయి, మళ్ల ఇంటికొచ్చినంకనే తియ్యొచ్చు. 2023ల ఒక అధ్యయనంల నిజమైన నెత్తురు పోసి కొలిచి చూస్తే డిస్క్‌లల్ల సగటున 61 మిల్లీలీటర్లు పట్టింది. ప్యాడ్లు, కప్పులు 20 నుంచి 50 మధ్యల ఉన్నయ్. కప్పుల మీదైతే 2019ల లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక 43 అధ్యయనాలను, సుమారు 3,300 మంది అనుభవాలను కలిపి చూసి, అవి సురక్షితమనే చెప్పింది. డిస్క్‌ల మీద అంత పరిశోధన ఇంకా కాలేదు. అందుకే జర జాగ్రత్తగనే ఉండాలె.

ఇగ అసలు ముచ్చట. డిస్క్ మెత్తటి గిన్నె లెక్క ఉంటది. గర్భసంచి మూతి కింద అడ్డంగ కూసుంటది. ముందుగాల సబ్బుతోటి చేతులు కడుక్కోవాలె, గోర్లు కత్తిరించుకోవాలె. గొంతుకూసుండో, ఒక కాలు పీట మీద పెట్టో, డిస్క్ అంచులను రెండు దిక్కుల నొక్కి సన్నగ మడవాలె. పైకి కాదు, కిందికి, ఎనకకు, నడుము దిక్కు నెట్టాలె. లోపటికి పోయినంక ముందలి అంచును వేలితోటి పైకి నెట్టి, ముందల ఉండే బొక్క ఎనక ఇరికియ్యాలె. సరిగ్గ కూసుంటే ఉన్నట్టే తెల్వదు. గుచ్చినట్టు ఉంటే తీసి మళ్ల పెట్టుకోవాలె, లేకుంటే సైజు మార్చాలె. నొప్పిని ఓర్చుకునుడు పద్ధతి కాదు. మొదటి రెండు మూడు నెలలు ఇంటికాడ ఉన్నప్పుడే అలవాటు చేసుకోవాలె, తోడుగ ఒక ప్యాడ్ పెట్టుకోవాలె.

తీసేటప్పుడు ఆగమాగం కావద్దు. లెట్రిన్ మీద కూసొని, ఒళ్లు వదులు చేసి, అంచు కింద వేలు పెట్టి, ఒంపకుంట మెల్లగ గుంజాలె. లోపట మాయమైపోతదేమో అని మస్తు మంది భయపడ్తరు. పోదు, పైన గర్భసంచి మూతి అడ్డముంటది. అందకపోతే గొంతుకూసొని జర ముక్కితే కిందికొస్తది. అప్పటికీ రాకపోతే దవాఖానకు పోవాలె, గండ్ల సిగ్గేం లేదు.

పన్నెండు గంటలకు మించి ఉంచొద్దు. ఒక్కసారి వాడి పారేసే డిస్క్‌లు వేరే ఉంటయ్, వాటిని కడిగి మళ్ల వాడొద్దు. సిలికాన్ డిస్క్ అయితే నెలసరి మొదలుకు ముందు, అయిపోయినంక, దానికే వేరే గిన్నె పెట్టి అయిదు నిమిషాలు మరిగియ్యాలె. డెట్టాల్, బ్లీచింగ్ తగలనియ్యొద్దు. ఆరినంక బట్ట సంచిల పెట్టాలె. కాపర్-టీ ఉన్నోళ్లు, కొత్తగ కాన్పు అయినోళ్లు, కింద ఇన్ఫెక్షన్ ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుంట పెట్టుకోవద్దు. డిస్క్ పెట్టుకున్నప్పుడు ఒక్కసారే ఎక్కువ జరం, వాంతులు, ఒంటి మీద ఎర్ర దద్దులు, కండ్లు తిరుగుడు అయితే వెంటనే తీసేసి దవాఖానకు ఉరకాలె. అది టాక్సిక్ షాక్ కావొచ్చు. చానా అరుదు గానీ పానానికే ముప్పు.

కన్నెతనం పోతదని అనేటోళ్లు ఉన్నరు. లోపలి పొర సైకిల్ తొక్కినా, ఆటలాడినా సాగుతది. ఆ పొరను చూసి పిల్ల గుణం లెక్కగట్టుడు సైన్సు కాదు, పెత్తనం. అట్లనే, డిస్క్ వాడనోళ్లు ఎనకవడ్డోళ్లు అనుడు కూడ తప్పే. నీళ్లు సక్కగ లేని ఇంట్ల, హాస్టల్‌ల ప్యాడే మేలు. ఎండల ఆరేసిన శుభ్రమైన బట్ట గూడ మంచిదే. ఏది వాడాలెనో తేల్చుకునేది ఆ పిల్లనే.

కేరళను చూడుండ్రి. 2019ల అలప్పుళ మున్సిపాలిటీ ‘తింకల్’ పేరుతోటి అయిదు వేల కప్పులు పంచింది. 2022 జనవరిల కుంబలంగి ఊరు ప్యాడ్లు లేని ఊరుగ ప్రకటించుకుంది. అక్కడ కప్పు చేతుల పెట్టి ఊకోలేదు, అవగాహన క్లాసులు కూడ పెట్టిండ్రు. కర్ణాటక సుత దక్షిణ కన్నడ, చామరాజనగర జిల్లాల ఆడపిల్లలకు కప్పులిచ్చి చూసింది. మరి మన రెండు రాష్ట్రాలల్ల కనీసం చెప్పుడన్న మొదలువెట్టొచ్చు కదా?

నేను అడిగేటివి పెద్ద కోరికలేం కావు. ఆశా అక్కలకు, ఏఎన్ఎంలకు డిస్క్, కప్పుల మీద ట్రైనింగ్ ఇయ్యాలె, చూపెట్టేటందుకు ఒక నమూనా ఇయ్యాలె. ఇక్కడ అమ్మే ప్రతి డబ్బాల తెలుగు కాయితం ఉండాలె. బడిల బాత్రూంకు తలుపు, గొళ్లెం, నల్లా ఉండాలె. ఒకటి యాదుంచుకోండ్రి, దేశంల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57 శాతం మందికి నెత్తురు తక్కువుంది. నెలసరికి 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ పోతున్నట్టే. ఎంత పోతుందో డిస్క్‌ల కండ్లకు కనవడ్తది, డాక్టర్‌కు చెప్పొచ్చు.

తమ్ముళ్లూ, గిది మీరు సుత సదవాలె. మీ ఇంట్ల నీళ్లు మరిగిచ్చేటందుకు ఒక గిన్నె వేరే పెడితే, ఎందుకని ఎవ్వరిని నిలదియ్యకుండ్రి. నీళ్లు నిండుకుంటే ఒక బిందె తెచ్చి పెట్టుండ్రి.