ముందు చదవండి, తర్వాత తీయండి



పోయిన నెల మన హాస్టల్లో ఒక కథల పుస్తకం అలమరలోంచి ఆఫీసు బీరువాలోకి వెళ్ళింది. ఎవరో పెద్దాయన వచ్చి నాలుగు పేజీలు తిరగేసి, ఇది పిల్లలు చదివేదేనా అన్నారట. అందులో ఏముందో మనలో ఎవరికీ తెలీదు. తమాషా ఏంటంటే, అంతకుముందు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు అందరికీ అదే కావాలి!

సోషల్ సారుని అడిగితే ఆయన అమెరికా సంగతి చెప్పారు. అక్కడ టెక్సాస్ రాష్ట్రంలో లానో అని ఒక కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. 2021లో ఆ కౌంటీ గ్రంథాలయాల్లోంచి 17 పుస్తకాలు తీయించేశారు. వాటిలో పిత్తుల మీద రాసిన చిన్నపిల్లల నవ్వులాట పుస్తకాలున్నాయి (నవ్వకండి, నిజమే). ఇసబెల్ విల్కర్సన్ రాసిన ‘కాస్ట్’ కూడా ఉంది. అమెరికాలో నల్లవాళ్ళను తొక్కిన తీరుని మన దేశపు కులంతో పోల్చిన పుస్తకం అది. రెండిటినీ ఒకే గాటన కట్టారు. పాఠకులు కోర్టుకెళ్ళారు. 2023లో జడ్జిగారు పుస్తకాలు తిరిగి పెట్టమన్నారు. 2025 మే నెలలో పైకోర్టు దాన్ని కొట్టేసింది. ఏది ఉంచాలో ఏది తీయాలో ప్రభుత్వ గ్రంథాలయం ఇష్టమేనట. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

అంటే కోర్టు కాపాడుతుందని కూర్చుంటే లాభం లేదు. ఊరిని పాలించేవాళ్ళు ఏమంటారన్నదే లెక్క. అందుకే నాకు చికాగో నచ్చింది. 2022 సెప్టెంబరులో ఆ నగరమూ, దాని గ్రంథాలయాలూ పుస్తకాలకు ఆశ్రయం ఇస్తామని ప్రకటించాయి. వేరేచోట తీసేసిన పుస్తకాలు తెచ్చిపెడతారు, అడిగినవాళ్ళకిస్తారు, వాటి మీద నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఇంట్లో ఒక్క అర ఉన్నా మీరూ ఆశ్రయం ఇవ్వొచ్చన్నారు. 2023లో న్యూజెర్సీలోని హోబోకెన్ అనే చిన్న పట్నం కూడా అదే దారి పట్టింది. మనం ఉండేదీ ఆశ్రమ పాఠశాలే కదా!

అక్కడ వద్దన్నవాటిలో ఒకటి మనలాంటి కుర్రాడి కథ. షెర్మన్ అలెక్సీ అనే ఆదివాసీ రచయిత నవల. అందులో పిల్లవాడు తన గూడెం వాళ్ళ బడి వదిలి, దూరంగా తెల్లపిల్లల బడికి పోయి చదువుకుంటాడు. 2010 నుంచి 2019 దాకా ఎక్కువ అభ్యంతరాలొచ్చిన పుస్తకాల్లో అదే మొదటిదని అమెరికా గ్రంథాలయాల సంఘం లెక్క. తాగుడుంది, బూతులున్నాయి అంటారు. ఉంటాయి. సెలవులకి ఇంటికెళితే మనం చూడటం లేదా? చూడొచ్చుగానీ చదవకూడదా?

అలాగని ప్రతి పుస్తకమూ మూడో తరగతి పిల్లల చేతిలో పెట్టమని నేననను. మా తమ్ముడు ఇక్కడే చదువుతున్నాడు, వాడికి కొన్ని ఇప్పుడే వద్దు. కానీ ఆ మాట పుస్తకం మొత్తం చదివినవాళ్ళు చెప్పాలి. ఎందుకు తీశారో ఒక కాగితం మీద రాసి ఈ గోడకే అంటించాలి.

వార్డెన్ సారూ, కోపం తెచ్చుకోకండి. మీకూ పైనుంచి మాట వస్తుందని మాకు తెలుసు. ఆ పుస్తకం ముందు మీరు చదవండి. పర్వాలేదనిపిస్తే కనీసం తొమ్మిది, పది తరగతుల వాళ్ళకివ్వండి. వద్దనిపిస్తే ఎందుకో రాత్రి స్టడీ అవర్లో చెప్పండి, వింటాం. బీరువా తాళంచెవి ఎలాగూ మీ దగ్గరే ఉంది.

— 9వ తరగతి విద్యార్థి