ఆపరేషన్ ఒకరికి... కూల్‌డ్రింక్ బంద్ ఇంటిల్లిపాదికీ!

అనంతపురం ఎండ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన జిల్లా మనది. మే నెలలో టవర్ క్లాక్ దాకా వెళ్లొస్తే చాలు, నాలుక పిడచకట్టుకుపోతుంది. అందుకే ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతికిచ్చేది చల్లటి కూల్‌డ్రింకో, నిమ్మకాయ సోడానో. బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవారికి అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

బెంగళూరుకో, హైదరాబాద్‌కో వెళ్లి లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకొస్తారు. ‘సోడాలు, కూల్‌డ్రింక్‌లు వద్దు’ అని డాక్టర్ రాసిచ్చిన కాగితం ఫైల్లో ఉంటుంది. రెండు లీటర్ల సీసా మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంటుంది. పైగా ‘ఒక్క గుక్కే కదా, ఏం కాదులే’ అని మొహమాటపెట్టేదీ మనమే. తర్వాత బరువు పెరిగితే ‘నోరు కట్టుకోలేదు’ అని నింద మాత్రం వారి మీద వేస్తాం. ఇది న్యాయం కాదు.

ఎందుకు వద్దంటారో ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. స్లీవ్ సర్జరీలో పొట్టలో 75-80 శాతం తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం లాంటి భాగమే. బైపాస్‌లోనైతే మొదట్లో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మిగులుతుంది. అంత ఇరుకు చోట గ్యాస్ చేరితే ఉబ్బరం, నొప్పి, త్రేన్పులు వస్తాయి. స్లీవ్ చేయించుకున్నవారిలో ఛాతీమంట ఎక్కువ కావచ్చు. ఇక 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఆరేడు టీస్పూన్లు! బైపాస్ అయినవారిలో ఆ చక్కెర ఒక్కసారిగా పేగుల్లోకి జారి చెమటలు, గుండెదడ, విరేచనాలు రావచ్చు. దీన్నే డంపింగ్ అంటారు. ‘జీరో షుగర్’ సీసాలో చక్కెర లేకపోయినా గ్యాస్ ఉంటుంది. సోడాతో పొట్ట మళ్లీ సాగిపోతుందన్న మాటకు గట్టి రుజువు లేదు. ఆ భయం పెట్టకుండానే, మానడానికి ఈ కారణాలు చాలు.

అయితే వద్దని ఊరుకుంటే సరిపోదు. దాహం నిజమైనది. చిన్న పొట్టతో గ్లాసెడు నీళ్లు గటగటా తాగలేరు. కాబట్టి మన ఎండల్లో డీహైడ్రేషన్ ముప్పు వారికి మరీ ఎక్కువ. రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల దాకా గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. భోజనంతో పాటు కాదు, తిన్న అరగంట తర్వాత. డాక్టర్ అనుమతించాక కుండ నీళ్లు, వెన్న తీసిన పలుచటి మజ్జిగ, చక్కెర వేయని నిమ్మనీళ్లు మంచివి. నన్నారి షర్బత్, చెరకు రసం మనవే అయినా వాటిలో తీపి ఎక్కువ కాబట్టి వద్దు. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, కళ్లు తిరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయకుండా సర్జన్‌ను సంప్రదించండి.

నా మాట ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా ఈ సర్జరీ చేయించుకుంటే, వారు ఆస్పత్రి నుంచి వచ్చేలోపే ఫ్రిజ్‌లోంచి ఆ సీసాలు తీసేయండి. చుట్టాలొస్తే మజ్జిగ ఇవ్వండి. పిల్లలకూ, షుగర్ ఉన్న పెద్దలకూ అదే మేలు.