దిగేటప్పుడు చెయ్యి ఏదీ?

మావారికి కుడివైపు పక్షవాతం వచ్చి కాస్త నయమయ్యాక, మేడ దిగడమే మానేశారు. బద్ధకమనుకుని విసుక్కున్నాను కూడా. తీరా చూస్తే తప్పు మెట్లది! మా మెట్లకు ఒకవైపే రెయిలింగ్. ఎక్కేటప్పుడు అది ఎడమచేతికి అందుతుంది. దిగేటప్పుడు పట్టులేని కుడిచేతి వైపుకొస్తుంది. రోజూ చూస్తూ కూడా నాకు తట్టనేలేదు.

వెల్డింగతన్ని పిలిచి గోడవైపు కూడా గుండ్రటి స్టీలు పైపు వేయించాను. గోడకీ పైపుకీ మధ్య 2 అంగుళాలు సందుంటేనే వేళ్ళు చుట్టూ పడతాయి. ఆఖరి మెట్టు దాటాక ఇంకో అడుగు పైపు ఉండాలి, అక్కడ పిసినారితనం వద్దు. మెట్ల అంచులకు పసుపురంగు గరుకు టేపు అంటించి, పైనా కిందా టూ వే స్విచ్ పెట్టించాను. మెట్లమీద ముగ్గు, కింద డోర్‌మ్యాట్ మానేశాను. అత్తయ్యగారు గొణిగారనుకోండి!

ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలంలేని కాలు ముందు వెయ్యాలని ఫిజియోథెరపిస్టు నేర్పారు. ఎక్కినా దిగినా నేను ఆయనకంటే ఒక మెట్టు కిందే ఉంటాను.

మొన్న ఆదివారం కిందికి దిగి, కూరలబండి దగ్గర వంకాయలు ఏరుతూ కనిపించారు. సగం పుచ్చులే తెచ్చారు. ఏమీ అనలేదు నేను.