వాన పడిందని ఏసీ ఆపేస్తున్నారా?

మే నెలాఖరు. పగలంతా మాడ్చేసిన ఎండ, సాయంత్రం నాలుగున్నరయ్యేసరికి ఉన్నట్టుండి మబ్బు, ఈదురుగాలి, దుమ్ము, ఆ వెనకే వాన. కొత్తూరు, నందిగామ, శంషాబాద్ వైపు ఏ ఇంట్లో చూసినా అప్పుడు ఒకటే వాదన. ‘‘వాన పడింది కదా, ఇంకా ఏసీ ఎందుకు? కరెంటు దండగ’’ అంటారు నాయనమ్మ. ‘‘ఉక్కపోతతో చస్తున్నాం, ఆపొద్దు’’ అంటారు పిల్లలు. రిమోట్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లది గెలుపు.

నా ఉద్దేశంలో ఇద్దరూ చూడాల్సినదాన్ని చూడట్లేదు. ఒకరు వానను చూస్తున్నారు, మరొకరు అలవాటును చూస్తున్నారు. చూడాల్సింది గాలిలో ఉన్న తేమను, మీ నెత్తిమీద ఉన్న స్లాబును.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. హైదరాబాద్‌లో ఇప్పటివరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది ఏప్రిల్‌లోనో మేలోనో కాదు, 1966 జూన్ 2న నమోదైంది. ఇంకో వారం, పది రోజుల్లో రుతుపవనాలు వచ్చే సమయమది. అంటే మనకు అత్యంత వేడి రోజులకూ, వానాకాలానికీ మధ్య గట్టిగా రెండు వారాల దూరం కూడా ఉండదు. ఆ సంధికాలంలో సోమవారం వడగాలి, మంగళవారం జల్లు, బుధవారం ఉక్క. ‘మార్చి నుంచి మే దాకా ఏసీ, జూన్ నుంచి ఫ్యాన్’ అని క్యాలెండర్ పెట్టుకుంటే కుదరదు.

ముందు ఒక చిన్న సంగతి. మన ఒంటికి సొంత ఏసీ ఉంది, అది చెమట. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోతే కాదు. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు, వెంటనే ఆరిపోతుంది. కూలర్ బాగా పనిచేసేదీ ఆ గాలిలోనే. జూన్‌లో వాన వెలిసిన మర్నాడు 31 డిగ్రీలే ఉన్నా బనియన్ ఒంటికి అతుక్కుపోతుంది, కూలర్ వేస్తే గదిలో ఇంకాస్త తేమ చేరి ప్రాణం విసిగిపోతుంది. థర్మామీటర్ తొమ్మిది డిగ్రీలు తగ్గిందని చెబుతోంది, ఒళ్లు మాత్రం ఒప్పుకోవట్లేదు. ఒంటి మాటే నిజం.

ఈ తేమను కొలవడానికి మంచి లెక్క ఒకటుంది. చల్లటి మజ్జిగ గ్లాసు బయటి వైపు నీటి చుక్కలు పడతాయి కదా, గాలి ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే అలా చుక్కలు కడుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. అది ఎంత ఎక్కువుంటే గాలిలో అంత నీరున్నట్టు. ఈ విషయంలో కొత్తూరు, శంషాబాద్ వాసులు అదృష్టవంతులు. 2008 మార్చిలో పక్కన విమానాశ్రయం మొదలైనప్పటి నుంచీ విమానాల కోసం ప్రతి అరగంటకూ అక్కడి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ ప్రకటిస్తూనే ఉన్నారు. ‘31/24’ అని ఉంటే మొదటిది వేడి, రెండోది డ్యూ పాయింట్. చాలా వాతావరణ యాప్‌లలోనూ ఈ అంకె కనిపిస్తుంది. హ్యుమిడిటీ శాతం కన్నా ఇది నమ్మకమైనది. ఎందుకంటే శాతం పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా మారిపోతుంది, తేమ మాత్రం అంతే ఉంటుంది.

నేను పాటించే కొలత ఇది, శాస్త్ర గ్రంథం కాదు. బయట గాలి 26 డిగ్రీలు, అంతకన్నా తక్కువుంటే డ్యూ పాయింట్ గురించి ఆలోచించక్కర్లేదు, కిటికీలు తెరిచి ఫ్యాన్ వేసుకుంటే చాలు. 28 దాటి, డ్యూ పాయింట్ 20 లోపుంటే ఫ్యానో, కూలరో సరిపోతుంది. 28 దాటి, డ్యూ పాయింట్ 23 కూడా దాటితే ఇక మొహమాటం వద్దు. బయట మబ్బు పట్టి ఉన్నా సరే, కిటికీలు మూసి ఏసీ వేయండి. ఎండ తీవ్రంగా ఉండి 38, 40 డిగ్రీలు దాటే రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు, ముఖ్యంగా ఇంట్లో పసివాళ్లు, పెద్దవాళ్లు ఉంటే.

ఎంతసేపు కురిసింది?

వాన పడిందా లేదా అన్నదానికన్నా ఎంతసేపు పడిందన్నది ముఖ్యం. పది నిమిషాల జల్లు కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టే. స్లాబు చల్లబడదు, ఆవిరి మాత్రం లేస్తుంది. అప్పుడు ‘వాన పడిందిగా’ అని ఏసీ ఆపడమంత పొరపాటు ఇంకోటి లేదు. గంటసేపు గట్టిగా కురిస్తే లెక్క వేరు. నీరు స్లాబులోని వేడిని లాక్కుపోతుంది, బయట గాలి 24, 25కి దిగుతుంది. ఆ రాత్రి మూసుకున్న గదిలో ఏసీ వేసుకుని పడుకోవడం చేతికొచ్చిన చల్లగాలిని కాదనుకోవడమే.

మీ ఇల్లు ఏ రకమో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. రాత్రి తొమ్మిదికి పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ గోడ పగలు మింగిన ఎండను ఇంకా మీ మీదకు వదులుతోందన్నమాట. వెంచర్లలో కట్టిన ఇళ్లకు చుట్టూ చెట్లుండవు, పక్కన ఇంకో ఇంటి నీడా ఉండదు. నాలుగు వైపులా, పైనా ఎండే. ఇలాంటి ఇంట్లో పై అంతస్తుకూ కింది అంతస్తుకూ ఒకటే నియమం పెట్టుకోవద్దు. కింద ఫ్యాన్ చాలిన రోజున కూడా పైన ఏసీ కావాల్సి రావచ్చు. లేదంటే వారం రోజులు కింద పడుకోండి, దానికి ఖర్చేమీ లేదు. టెర్రస్ మీద తెల్లటి సున్నం పూత వేయించడం పాత ఉపాయమే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించిందీ ఈ సూత్రం మీదే. ఏసీ కొనడానికి ఆలోచించనివాళ్లు సున్నానికి ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు వాన రాత్రుల్లో ఏసీ చేసే మాయ గురించి. బయట 26 ఉంది, మీరు 24 పెట్టారు. గది రెండు నిమిషాల్లో 24కి వస్తుంది, కంప్రెసర్ నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. ఏసీ గాల్లోని తేమను పిండేది కంప్రెసర్ గట్టిగా తిరిగినప్పుడే. అది ఆగాక చల్లదనం ఉంటుంది, తేమ పోదు. దుప్పటి చెమ్మగా, గది బంకగా అనిపిస్తుంది. దాంతో చాలామంది 20కి దించుతారు. తెల్లవారుజామున ఒళ్లు సహజంగానే చల్లబడే సమయానికి వణుకు మొదలై, రగ్గు కప్పుకుంటారు. కరెంటు డబ్బు పెట్టి చలిని కొని, రగ్గుతో దాన్ని ఆపుకుంటున్నామన్నమాట! ఇలాంటి రాత్రులకే రిమోట్ మీద ‘డ్రై’ అనే మీట ఉంది. నీటి చుక్క బొమ్మ ఉంటుంది చూడండి. ఏసీ కొన్న రోజు నుంచీ దాన్ని ఒక్కసారైనా నొక్కనివాళ్లే ఎక్కువ. అది తేమను పిండుతుంది, గదిని మరీ చల్లబరచదు. రాత్రి మూడింటికి ఆగేలా టైమర్ పెట్టడం కన్నా ‘స్లీప్’ మోడ్ మేలు. టైమర్‌తో ఆగితే మూసిన గదిలో అయిదింటికల్లా చెమటతో లేస్తారు. స్లీప్‌లో ఉష్ణోగ్రత మెల్లగా ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది, ఒంటి తీరుకు అది సరిపోతుంది.

మన ఇళ్లలో ఇంకో సంగతుంది. ఇంటికి ఏసీ ఒక్కటే. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ ఆ గదిలోనే, మంచం మీద ఇద్దరు, కింద పరుపు మీద ముగ్గురు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. అయిదుగురు వదిలిన ఊపిరి ఎనిమిది గంటలపాటు అందులోనే. పొద్దున తలనొప్పి, బరువుగా లేవడం దానివల్లా కావచ్చు. ‘ఏసీ వల్ల జలుబు చేసింది’ అంటుంటాం. జలుబు తెచ్చేది వైరస్. ఏసీ చేసేదల్లా ఒకరికున్నదాన్ని మిగతా నలుగురి దగ్గర ఉంచడం. పడుకునే ముందు, లేచిన వెంటనే పది నిమిషాలు తలుపు, కిటికీ బార్లా తెరవండి. ఎవరికైనా దగ్గు, జ్వరం ఉంటే కిటికీ ఉన్న వేరే గదిలో పడుకోబెట్టండి. ఏసీ ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగాలి. హైవే దుమ్ము ఉన్న మన ఊళ్లో అంతకన్నా ముందే కడగాల్సి రావచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లకు చల్లటి గాలి నేరుగా ముఖానికి తగిలితే ఇబ్బంది, వాళ్ల మంచం పక్కకు జరపండి.

పెద్దవాళ్ల దగ్గర మొహమాటం వద్దు

వాతావరణం మారుతున్న రోజుల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంట్లోని పెద్దవాళ్లు. 2015 మేలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎండ మండే రోజుల్లో టీవీలు, పేపర్లు హెచ్చరిస్తాయి, అందరం జాగ్రత్తగానే ఉంటాం. ఒక వాన పడగానే ఆ జాగ్రత్త సడలిపోతుంది. మర్నాటి ఉక్కలో డెబ్బై అయిదేళ్ల మనిషి మూసిన గదిలో ఫ్యాన్ కింద కూర్చుని ఉంటారు. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. బీపీకి, గుండెకు వాడే కొన్ని మందులు మూత్రం రూపంలో నీటిని ఇంకా బయటికి పంపేస్తాయి. ‘నాకు ఏసీ పడదమ్మా’ అన్న మాటను అక్కడితో వదిలేయొద్దు. చాలాసార్లు పడనిది ఏసీ కాదు, 20 డిగ్రీల గాలి సూటిగా మోకాళ్లకు తగలడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి వీళ్లకు చక్కగా సరిపోతుంది: ఏసీ 27 దగ్గర పెట్టి, తోడుగా ఫ్యాన్ వేయడం. ఫ్యాన్ గాలికి గది మరో నాలుగు డిగ్రీలు చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది. గది ఉష్ణోగ్రత 40 దాటితే మాత్రం ఒట్టి ఫ్యాన్ వేడిగాలినే ఒంటికి కొడుతుంది, దాన్ని నమ్ముకోకండి. మాట తడబడుతూ, అయోమయంగా ఉండి, ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డలతో తుడుస్తూ వెంటనే 108కి ఫోన్ చేయండి.

బిల్లు మాటకొద్దాం. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సగటున ఒక యూనిట్ తీసుకుంటుందనుకుంటే, రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకు 240 యూనిట్లు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే, ఆ పథకం గీత 200 యూనిట్లు. గీత దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి, పైన వాడిన కాస్తకే కాదు. నెలలో సగం రాత్రులు కిటికీలతో గడిపితే ఏసీ లెక్క 120కి దిగుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు ఆదా అని బీఈఈ లెక్క. 2020 జనవరి నుంచి అమ్ముతున్న స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవాలన్న నిబంధన అందుకే వచ్చింది. 33 డిగ్రీలున్న గదిలో 18 పెట్టినా, 25 పెట్టినా మొదటి పావుగంటలో కంప్రెసర్ పడే కష్టం ఒక్కటే, 18 పెడితే తొందరగా చల్లబడదు. పెద్దవాళ్ల గదిలో మాత్రం ఈ పొదుపు చూపించకండి.

ఈ ప్రాంతంలో ఇంకో రకం కుటుంబాలున్నాయి. విమానాశ్రయంలోనో, చుట్టుపక్కల పరిశ్రమల్లోనో నైట్ షిఫ్ట్ చేసి, పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చి పడుకునేవాళ్లు. స్లాబు కాగే వేళకు వాళ్ల నిద్ర. ‘పట్టపగలు ఏసీ ఏంటి’ అని ఇంట్లో సణుగుడు మామూలే. ఇంట్లో రోజుకు నాలుగు గంటలే ఏసీ వేయగలమనుకుంటే, ఆ నాలుగు గంటలూ పగటిపూట పడుకునేవాళ్లకే ఇవ్వాలంటాను. రాత్రి నిద్రకు కిటికీలైనా సాయం చేస్తాయి, మధ్యాహ్నం రెండింటికి వాళ్లకు ఏదీ సాయం లేదు.

కిటికీల గురించి కాస్త కోపంగానే చెప్పాలి. నగరం నడిబొడ్డులో కన్నా మన శివార్లలో రాత్రులు చల్లగా ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి, అక్టోబర్‌లలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు, పరదాలు మూసి, రాత్రి బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఆ నెలల్లో చాలా రాత్రులు ఏసీ పనే ఉండదు. కానీ బిల్డర్ పెట్టిన స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, రెండో సగం అద్దం దగ్గరే గాలి ఆగిపోతుంది. ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లు రెక్కల కిటికీలు అడగండి.

తెరిచిన కిటికీకి దోమల జాలీ తప్పనిసరి. డెంగీ దోమ పగటిపూటే, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం చీకటి పడకముందు కుడుతుంది. సరిగ్గా వాన వెలిసి మనం కిటికీలు తెరిచే వేళ. వానలు మొదలయ్యాక కూలర్ ఆపేసి బాల్కనీలోకి నెట్టేస్తారు కదా, అందులో అడుగున మిగిలిన రెండంగుళాల నీళ్లు ఆ దోమకు పురిటిగది. నీళ్లు పారబోసి, తొట్టి లోపల గుడ్డతో గట్టిగా రుద్ది, ఎండలో ఆరబెట్టాకే పక్కన పెట్టండి. ఇంకా వాడుతున్న కూలరైతే ప్రతి శుక్రవారం ‘డ్రై డే’ నాడు ఖాళీ చేసి, మళ్లీ నింపుకోండి.